గోడ ఎటువైపు ఆరుతుంది?

కోస్తాలో పాత ఇల్లు కొనబోయేవాళ్లు గదిలోకి అడుగుపెట్టగానే ముందు గోడల మొదళ్లు చూడాలి. నేల నుంచి మూడడుగుల ఎత్తు దాకా కొత్తగా టైల్స్ అంటించి ఉంటే అది అందం కోసం చేసిన పని అనుకోవద్దు. చాలాసార్లు అది చెమ్మ కనబడకుండా వేసిన ముసుగు. ఆ టైల్స్ పై అంచు వెంబడి చెయ్యి పెట్టి తడిమితే సంగతి బయటపడుతుంది. అక్కడ రంగు పొక్కి ఉంటుంది. వేలితో నొక్కితే చిట్లి, లోపలి నుంచి తెల్లటి పొడి రాలుతుంది. అది సున్నం కాదు, ఉప్పు. నేలలోంచి ఎక్కిన తడి మునుపు మూడడుగుల లోపే గోడలోంచి బయటికొచ్చి గాలికి ఆరిపోయేది. ఇప్పుడు ఆ మేరంతా మూసేశారు కాబట్టి ఇంకో రెండడుగులు పైకి పాకి, టైల్స్ లేని చోట తేలింది.

మన తీరప్రాంతంలో పాత ఇళ్ల బాగుచేత ఎక్కువగా ఈ తీరునే సాగుతోంది. ఎండకు ఒక మందు, చెమ్మకు ఒక మందు. వాటర్‌ప్రూఫింగ్ మనిషి డాబా మీద ఏదో పూసి వెళ్తాడు. ఫాల్స్ సీలింగ్ మనిషి లోపల పలకలు కడతాడు. రంగుల మేస్త్రీ లప్పం పెట్టి నున్నగా చేస్తాడు. ఏసీ మెకానిక్ గోడకు బెజ్జం కొట్టి మిషన్ తగిలిస్తాడు. ఎవరి పని వాళ్లది బాగానే ఉంటుంది. కానీ తడి ఎక్కణ్ణించి వస్తోంది, ఎటు పోతోంది అని ఆ నలుగురిలో ఒక్కరూ అడగరు. ఈ విషయం మీద ఇంజనీర్లు, పాత కట్టడాల సంరక్షకులు, పెయింటు కంపెనీలవాళ్లు, ఇంధన పొదుపు నిపుణులు చెప్పేవన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తేలిందేమిటంటే, వేడి ఆపడంకన్నా, నీళ్లు ఆపడంకన్నా ముందు తేల్చుకోవాల్సినది గోడ ఎటువైపు ఆరుతుందన్నది. రెండు వైపులా మూసేసిన గోడను ఏ రసాయనమూ కాపాడలేదు.

ముందు ప్రాంతం సంగతి. జాతీయ భవన నిర్మాణ కోడ్ దేశాన్ని ఐదు వాతావరణ మండలాలుగా విడదీసింది. విశాఖపట్నం, విజయవాడ వేడి, తేమ కలిసిన మండలంలోకి వస్తాయి. హైదరాబాద్ మిశ్రమ మండలం. అక్కడ పనికొచ్చిన కిటుకులన్నీ కాకినాడలో పనికిరావు. హైదరాబాదులో వేసవి గాలి పొడిగా ఉంటుంది కాబట్టి వట్టివేళ్ల తడికలు తడిపి కట్టుకుంటే ఇల్లు చల్లబడుతుంది, ఎయిర్ కూలర్ ఆదుకుంటుంది. మచిలీపట్నంలో గాలికి అప్పటికే నీళ్లు తాగి కడుపు నిండి ఉంటుంది. అక్కడ కూలర్ పెడితే చల్లదనం కొంచెమే, గోడలకూ పరుపులకూ బట్టల బీరువాకూ ఎక్కే తేమ మాత్రం బిందెల కొద్దీ. రాయలసీమలో మట్టి మిద్దెలు తరాల తరబడి నిలిచాయంటే అక్కడి తక్కువ వానలకూ పొడి ఎండకూ అందులో వాటా ఉంది.

పాత ఇల్లు అనగానే అందరికీ మండువా లోగిలి గుర్తొస్తుంది. కానీ ఇవాళ ఉక్కతో, నెమ్ముతో అవస్థ పడుతున్న ఇళ్లలో ఎక్కువ భాగం అవి కావు. 1970ల తర్వాత బస్తీల్లోనూ పెద్ద ఊళ్లలోనూ తొమ్మిదంగుళాల ఇటుక గోడల మీద ఆర్.సి.సి. స్లాబు పోసి కట్టిన డాబాలవి. వాటికి ముందు మద్రాసు టెర్రస్ మేడలు. టేకు దూలాల మీద పలచటి ఇటుకల్ని అంచుకు నిలబెట్టి సున్నంతో పేర్చి, పైన ఇటుక ముక్కల సున్నపు కాంక్రీటు పరిచి, కరక్కాయ నీళ్లూ బెల్లం నీళ్లూ చల్లుతూ రోజుల తరబడి కొయ్య బద్దలతో కొట్టి గట్టిపరిచేవారు. అంతకుముందువీ, వాటితో పాటు కట్టినవీ పెంకుటిళ్లు. మొదట గూన పెంకులు. 1865లో బాసెల్ మిషన్ మంగుళూరులో యంత్రాలతో పెంకుల ఫ్యాక్టరీ పెట్టాక నెమ్మదిగా ఒకదానికొకటి బిగిసే ఆ పెంకులు తీరమంతా పాకాయి. మనవాళ్లు వాటిని బెంగుళూరు పెంకులంటారు. ఈ మూడు రకాల ఇళ్లకూ రోగాలు వేరు, మందులు వేరు. ఒకదాని మందు ఇంకోదానికి వేస్తే కొత్త రోగం పుడుతుంది.

పాతకాలపు ఇళ్లు చల్లగా ఉండేవన్న మాట సగమే నిజం. పైకప్పుకు అటూ ఇటూ ఒక డిగ్రీ తేడా ఉన్నప్పుడు చదరపు మీటరుకు ఎన్ని వాట్ల వేడి దిగుతుందో చెప్పే అంకెను ఇంజనీర్లు యు-విలువ అంటారు. అది ఎంత తక్కువైతే అంత మేలు. ఐదారంగుళాల ఒట్టి స్లాబుకు లెక్క కడితే 3.3 నుంచి 3.5 దాకా వస్తుంది. ఏడంగుళాల మద్రాసు టెర్రస్‌కు కట్టినా 2.3 దగ్గర తేలుతుంది. బాగుంది గానీ మహిమేమీ కాదు. పెంకుకైతే సొంతంగా వేడినాపే శక్తి దాదాపు లేదు. మరి చల్లదనం ఎక్కడిది? గోడల మీద ఎండ పడనివ్వని వసారాల వల్ల, పన్నెండు పద్నాలుగు అడుగుల ఎత్తు వల్ల, చూరు కింది సందుల్లోంచీ పెంకుల మధ్య నుంచీ వేడిగాలి పోవడం వల్ల, పెంకుల కింద చెక్క అటక రెండో కప్పులా అడ్డుపడటం వల్ల. ఈ ఏర్పాట్లలో ఏ ఒక్కటి తీసేసినా ఇల్లు పాతదిగా మిగులుతుంది, చల్లదనం మాత్రం పోతుంది. వసారాకు గ్రిల్లు పెట్టి గది చేసుకుని, అటక పీకేసి, వెంటిలేటర్లకు అట్టలు కొట్టి, ‘తాతగారి హయాంలో ఇంత ఉక్క ఉండేది కాదు’ అని వాపోయేవాళ్లు కొల్లలు.

ఇక నీళ్లు. గోడ తడిసిందంటే నీళ్లు నాలుగు దారుల్లో ఏదో ఒకదానిలో వచ్చి ఉండాలి. నేలలోంచి పైకి, కప్పులోంచి కిందికి, పైపులోంచి పక్కకు, లేదా గాలిలోంచి నేరుగా. ఏ దారో పోల్చడానికి ఖరీదైన మీటర్లు అక్కర్లేదు, ఓపిగ్గా ఒక ఏడాది చూడాలి. వానతో పాటే వచ్చి వానతో పోయే మరక కప్పుదో, బయటి గోడ పగులుదో. ఏడాది పొడుగునా ఒకే చోట, బాత్రూము గోడకు అవతలివైపు, ఛాతీ ఎత్తున ఉంటే లోపల దాచిన ఇనప పైపు తుప్పు పట్టిందన్నమాట. గోడ మొదట్లో పట్టీలా సాగి, పైన ఉప్పు అంచు కట్టి ఉంటే నేల తడి. బయటి గోడకు ఆనించి పెట్టిన బీరువా వెనక బూజు పడితే అక్కడ గాలి ఆడటంలేదు. అనుమానంగా ఉన్నచోట జానెడు పాలిథిన్ ముక్కను నాలుగు వైపులా టేపుతో గోడకు అంటించి ఒకటి రెండు రోజులు వదిలేయాలి. పాలిథిన్‌కు గోడవైపు చెమరిస్తే నీళ్లు గోడలోంచి వస్తున్నాయి. గదివైపు చెమరిస్తే గాలిలోంచి.

వీటన్నిటికన్నా తీరంలో మనుషుల్ని ఎక్కువ తికమక పెట్టేది ఇంకోటుంది. ఎక్కడా కారదు, పైపు పగలదు, వాన కూడా ఉండదు. అయినా తెల్లారేసరికి గోడ మీద తడి మచ్చలు, మధ్యాహ్నానికి మాయం. దీనికి కారణం ఉప్పు. కడగని ఇసుకతో కట్టడం వల్లనో, ఉప్పునీటి బోరుతో గోడలు తడపడం వల్లనో, సముద్రపు గాలి వల్లనో గోడలో చేరిన ఉప్పు, గాలిలో తేమ 75 శాతం దాటగానే నీళ్లు లాగేసుకుంటుంది. వానాకాలంలో వంటింటి ఉప్పు డబ్బా నీరుగారినట్టే గోడా నీరుగారుతుంది. తీరంలో చాలా రాత్రులు తేమ ఆ గీత దాటుతుంది. ఇలాంటి గోడకు ఎన్ని పొరలు వాటర్‌ప్రూఫింగ్ చేసినా దండగ, నీళ్లు బయటి నుంచి రావడంలేదు కదా. ఉప్పు పట్టిన పూతను గీకి, చెత్తబుట్టలో వేసి, కొత్త పూత వెయ్యాలి. గీకినదాన్ని ఇంటి పక్కనే పోస్తే తొలకరికి మళ్లీ నేలలోంచి గోడలోకే వస్తుంది.

నేల తడికి పుస్తకాల్లో ఉన్న మందు డీపీసీ, అంటే బేస్‌మట్టం మీద నీళ్లు పైకెక్కకుండా వేసే కాంక్రీటు పట్టీ. సున్నపు గోడల పాత ఇళ్లలో అది ఉండదు. ఉన్నచోట కూడా ఇవాళ పనిచేయకపోవడానికి కారణం మన వీధుల్లోనే ఉంది. పదేళ్లకోసారి పాత రోడ్డు మీదే కొత్త సిమెంటు రోడ్డు పోస్తారు. ఒకప్పుడు మూడు మెట్లెక్కి వెళ్లిన ఇంట్లోకి ఇప్పుడు రెండు మెట్లు దిగి వెళ్లాల్సి వస్తోంది. డీపీసీ రోడ్డు మట్టానికి కిందికి పోయింది, మురిక్కాలవ గోడను ఒరుసుకుంటూ పారుతోంది. ఇది భరించలేక ఇంటికి ఇల్లు జాకీలతో పైకి లేపించుకునేవాళ్లూ ఉన్నారు. అంత స్తోమత లేనివాళ్లకు చౌకైన మార్గం ఒకటుంది. ఇంటి చుట్టూ రెండడుగుల మేర మట్టినీ సిమెంటునూ తవ్వి మట్టం దించడం, గోడకు ఎడంగా వాలు పెట్టి నీళ్లు పోయే దారి చెయ్యడం. చూడ్డానికి ఇది గొప్ప పనిలా ఉండదు, పెయింటు డబ్బా మీద దీని బొమ్మ ఉండదు. కానీ పాత కట్టడాల బాగుచేతలో చెయ్యి తిరిగినవాళ్లు మొదట చేయించేది ఇదే. గోడకు వరసగా బెజ్జాలు వేసి సిలేన్, సిలోక్సేన్ మందులు ఎక్కించే పద్ధతి కూడా వచ్చింది. ఇటుకలు సమంగా, సందులు నిండుగా ఉన్న గోడల్లో అది కొంత పనిచేస్తుంది. రాళ్లూ ఇటుకలూ మట్టీ కలిసిన లావుపాటి పాత గోడల్లో మందు ఎటు పోతుందో చెప్పలేం.

అసలు పేచీ సిమెంటు దగ్గరుంది. పాత గోడ పెచ్చులూడుతుంటే ఏ మేస్త్రీ అయినా ధైర్యం చెప్పే మాట ఒకటే: ‘సిమెంటు పట్టించి గట్టిగా కొట్టేద్దామండీ, మళ్లీ మీ జన్మలో ఊడదు’. ఊడదు, నిజమే. ఊడకపోవడమే అక్కడ తప్పు. గానుగ సున్నంతో, గుల్ల సున్నంతో కట్టిన గోడ తడి పీల్చుకుంటుంది, ఎండకు వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూత వేస్తే తడి దాటిపోవడం బాగా తగ్గిపోతుంది. లోపల ఇరుక్కున్న నీళ్లు సన్నగా పైకి పాకుతాయి, లేదా లోపలి సున్నాన్ని పొడి చేస్తాయి, దూలాల చివర్లలోకి చేరి చెదలను పిలుస్తాయి. పదేళ్ల తర్వాత సిమెంటు పెచ్చు తట్టితే డొల్లగా మోగుతుంది. పీకితే ఇటుక ముఖంతో సహా ఊడి వస్తుంది. ఈ విషయంలో పాత కట్టడాల సంరక్షకులది ఒకటే మాట, నా ఓటూ వాళ్లకే. సున్నపు గోడకు సున్నపు పూతే వెయ్యాలి, పైన సున్నమే కొట్టాలి. ఉప్పు ఎక్కితే ఆ పూత పాడవుతుంది. పాడవ్వాలి కూడా, ఎందుకంటే ఇటుకకు బదులు పూత బలవుతోంది. ఏడెనిమిదేళ్లకు మళ్లీ వేసుకుంటాం.

కాకపోతే సున్నం వాదులు కూడా రెండు విషయాలు ఒప్పుకోవాలి. గానుగలు మూలపడ్డాయి, సున్నం నానబెట్టి మాగబెట్టే ఓపికా, ఆ పూత వేసే చేతులూ తగ్గిపోయాయి. పట్టణంలో ఒక మధ్యతరగతి ఇంటివారికి ఆ మేస్త్రీని వెతకడమే పెద్ద పని. రెండోది, 1980లలో సిమెంటుతోనే కట్టిన డాబాకు సున్నపు పూత సిద్ధాంతం అలాగే వర్తించదు. ఆ గోడకు లోపల లప్పం, ప్లాస్టిక్ పెయింటు మానేసి గాలాడే రంగు వేస్తే చాలావరకు సరిపోతుంది. పాత రంగు గీకేటప్పుడు మాత్రం జాగ్రత్త. ఇంటి పెయింట్లలో సీసం 90 పీపీఎం మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన ఎనామిల్ పొరల్లో అంతకన్నా ఎంతో ఎక్కువ ఉండి ఉండొచ్చు. పొడిగా రుద్దితే ఆ ధూళి పిల్లల ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తడిపి గీకాలి.

ఇప్పుడు పైకప్పు. ఒంటి అంతస్తు ఇంట్లో ఎండాకాలపు వేడిలో పెద్ద వాటా పైనుంచే దిగుతుంది. మే నెల మొదటి రెండు వారాల్లో సూర్యుడు విజయవాడకూ విశాఖకూ సరిగ్గా నడినెత్తికి వస్తాడు. గోడల మీద వాలుగా పడే ఎండ స్లాబు మీద నిటారుగా పడుతుంది. ఒట్టి కాంక్రీటు పైముఖం 60 డిగ్రీలు దాటుతుంది. పది పన్నెండు అడుగుల గదికి ఆ సమయంలో స్లాబులోంచి దిగే వేడి ఉరామరికగా ఒక కిలోవాటు. ఒక టన్ను ఏసీ గట్టిగా పనిచేస్తే లాగగలిగింది మూడున్నర కిలోవాట్లు. అంటే మిషన్ శక్తిలో పావు వంతుకు పైగా స్లాబుతో కుస్తీకే సరిపోతోంది. పైగా కాంక్రీటు మధ్యాహ్నం తాగిన వేడిని నాలుగైదు గంటలు దాచుకుని, మనం అన్నాలు తిని పక్కలు వేసుకునే వేళకు గదిలోకి వదులుతుంది.

దీనికి అందరికన్నా చౌకగా చేతికందేది తెలుపు. కాంక్రీటు మీద పడ్డ ఎండలో మూడింట రెండొంతులు లోపలికి పోతుంటే, కొత్తగా వేసిన తెల్లటి పూత నాలుగింట మూడొంతులు తిప్పికొడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో ఐదేళ్ల కూల్ రూఫ్ విధానం తెచ్చి, 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల చల్లని కప్పులు లక్ష్యంగా పెట్టుకుంది. మంచి పనే. కానీ అదే మంత్రాన్ని తీరానికి తెచ్చుకునేటప్పుడు ఒక మెలిక గుర్తుంచుకోవాలి. హైదరాబాదులో తెలుపును మాపేది దుమ్ము, వానకు కొంత కడిగేసుకుపోతుంది. తీరంలో మాపేది నాచు, వానకు ఇంకా పెరుగుతుంది. రెండు వానాకాలాలు పోయాక ఆ డాబా నల్లగా, పాకుడు పట్టి ఉంటుంది. కాబట్టి ఇక్కడ ఏటా ఫాల్గుణంలో గీకి కడిగి సున్నం కొట్టుకోవడమే, పదేళ్ల గ్యారంటీ పూతకన్నా నమ్మకమైన పద్ధతి. చాలాచోట్ల ముసలివాళ్లు ఇప్పటికీ అదే చేస్తున్నారు. విరిగిన తెల్ల పింగాణీ పెంకులు పొదిగిన డాబా ఇంకా మన్నుతుంది, తెలుపు మాయకుండా కడుక్కోవడమూ తేలిక.

వేడి ఆపే పొర వేయించుకోవాలంటే స్లాబు పైన వేయించాలి, కింద కాదు. ఇందులో నిపుణుల మధ్య పెద్దగా తగువు లేదు. బజారు మాత్రం కిందే అమ్ముతుంది, ఎందుకంటే థర్మోకోల్ అంటించి జిప్సం సీలింగ్ కట్టడం రెండు రోజుల పని, చూడముచ్చటగా ఉంటుంది. అప్పుడు స్లాబు ఎప్పట్లాగే ఉడుకుతుంది, పగలు సాగి రాత్రి ముడుచుకుని బీటలిస్తుంది. బీటలోంచి దిగిన నీళ్లు సీలింగ్ వెనక ఎవరికీ కనబడకుండా నిలుస్తాయి. గదిలో వాసన వచ్చినప్పుడే తెలుస్తుంది. పైన వేస్తే స్లాబే చల్లగా ఉంటుంది. ఇళ్ల కోసం ఇంధన సామర్థ్య బ్యూరో 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత పైకప్పు యు-విలువ 1.2 మించకూడదంటుంది. ఒట్టి స్లాబుకున్న 3.3 నుంచి అక్కడికి దిగడానికి ఎంత కావాలో లెక్కేస్తే, అంగుళం మందం ఎక్స్‌పీఎస్ నురుగు పలక చాలు. చాలామంది అనుకున్నంత పెద్ద యాగమేమీ కాదు. ముందు నీళ్లు నిలవకుండా వాలు, దాని మీద వాటర్‌ప్రూఫింగ్ పొర, దాని మీద పలకలు, ఆపైన పలచటి కాంక్రీటు, తెల్లటి టైల్స్. వాటర్‌ప్రూఫింగ్ పొర పలకల కింద ఉండటం వల్ల ఎండ దాన్ని తాకదు, ఎక్కువకాలం బతుకుతుంది. ఇక్కడ ఎక్స్‌పీఎస్‌కు బదులు మామూలు థర్మోకోల్ వేస్తే నీళ్లు తాగి బరువెక్కి పనికిరాకుండా పోతుంది.

మనకు బాగా అలవాటైన ఇటుక ముక్కల పరుపు సంగతేమిటి? నాలుగంగుళాలు వేస్తే యు-విలువ 3.3 నుంచి 2.3కే దిగుతుంది. బరువు మాత్రం చదరపు మీటరుకు 180 నుంచి 200 కిలోలు. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద 17, 18 టన్నులు. నలభై ఏళ్ల నాటి స్లాబు నెత్తిన అంత మోత పెట్టేముందు ఒక ఇంజనీరుకు చూపించాల్సిందే. కొందరు రంజన్లు, కుండలు బోర్లించి పైన సిమెంటు పోస్తారు. కుండలోని గాలి వేడినాపుతుంది గానీ, కారినప్పుడు ఎక్కడ కారుతోందో పట్టుకోవడం బ్రహ్మతరం కాదు. డాబా మీద రేకుల షెడ్డు వేసుకోవడం ఇప్పుడు తీరమంతా ఉన్న అలవాటు. స్లాబుకు నీడా, వానకు గొడుగూ రెండూ దొరుకుతాయి, మధ్యలో గాలి ఆడుతుంది. వేడి లెక్కలో ఇది మెచ్చుకోదగ్గదే. కానీ 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకిన రోజు ఎగిరిపోయిన రేకుల్ని చూసినవాళ్లెవరూ నాలుగు పైపులు పాతి కట్టిన షెడ్డును నమ్మరు.

డాబా కారడం నూటికి తొంభైసార్లు మధ్యలో కాదు, అంచుల్లో. పిట్టగోడ స్లాబును కలిసే మూల, తూము చుట్టూ, ట్యాంకు పైపు దిగిన బెజ్జం, డిష్ యాంటెనా బిగించిన మేకులు. డాబా అంతటికీ రెండు పూతలు వేయడానికయ్యే డబ్బులో కొంత ఈ నాలుగు చోట్ల శ్రద్ధగా పెడితే మిగిలింది చాలావరకు ఆదా. నీళ్లు నిలిచే డాబా మీద రబ్బరు పూతలు పొంగిపోతాయి, నల్లటి తారు పొరలు నీళ్లు ఆపుతాయి గానీ ఎండను తాగుతాయి. వాలు సరిగ్గా లేని కప్పుకు ఏ పూతా శాశ్వతం కాదు.

డాబా ఇళ్లకు చెమ్మ ఒట్టి మరక కాదు, ప్రాణాపాయం. సీలింగ్ పెచ్చు ఊడి, లోపల ఎర్రగా తుప్పు పట్టిన చువ్వలు కనబడటం తీరంలో ఏ వీధిలోనైనా చూడొచ్చు. కొత్త కాంక్రీటు క్షార గుణం ఇనుమును కాపాడుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ గాలిలోని బొగ్గుపులుసు వాయువు దాన్ని హరిస్తుంది, సముద్రపు ఉప్పు తుప్పును తొందర చేస్తుంది. తుప్పు ఇనుముకన్నా రెట్టింపుకు మించిన చోటు కోరుతుంది కాబట్టి కాంక్రీటును పగలదోసి బయటికొస్తుంది. ఈ డాబాలు కట్టిన నాటి నిబంధనలూ ఉదారంగానే ఉండేవి. 1978 నాటి కాంక్రీటు ప్రమాణం ఐ.ఎస్. 456 స్లాబు చువ్వల మీద 15 మిల్లీమీటర్ల కాంక్రీటు ఉంటే చాలంది, ఎం15 గ్రేడు కాంక్రీటును ఒప్పుకుంది. 2000లో దాన్ని తిరగరాసినప్పుడు కనీసం ఎం20 ఉండాలని, తీరపు గాలికి నేరుగా బయటపడ్డ కాంక్రీటులో 45 మిల్లీమీటర్ల కవరు ఉండాలని మార్చారు. మధ్యకాలంలో కట్టిన ఇళ్లన్నీ ఆ పాత లెక్కల పిల్లలే. ఊడినచోట సిమెంటు మెత్తి రంగేయడం పుండు మీద పౌడరు చల్లడం. తుప్పంతా గీకి, చువ్వ వెనక దాకా వదులు కాంక్రీటు తీసి, చువ్వ పలచబడితే జత చువ్వ కట్టి, పాలిమర్ కలిపిన మోర్టారుతో పూడ్చాలి. పైనుంచి నీళ్లు దిగడం ఆపకుండా ఇదంతా చేస్తే మళ్లీ నాలుగేళ్లకు ఇదే పాట.

ఇప్పటిదాకా చెప్పిన లెక్కలన్నిటినీ తలకిందులు చేసింది ఏసీ. ఆగస్టులో తెల్లవారుజామున ఏసీ గది కిటికీ అద్దాన్ని చూడండి. చెమట బయటివైపు పడుతుంది. బయట 32 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్నప్పుడు, 28 డిగ్రీలకు చల్లబడిన ఏ వస్తువు మీదైనా గాలిలోని నీళ్లు కమ్ముతాయి. 2020 జనవరి నుంచి స్టార్ ముద్ర ఉన్న ఏసీలన్నీ స్విచ్చి వేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేలా ఇంధన సామర్థ్య బ్యూరో నియమం పెట్టింది. 24 అన్నా కూడా గోడ లోపలి ముఖం నీళ్లు కమ్మే గీతకు దిగువనే ఉంది. అద్దం మీద కనబడేది గోడ లోపల కనబడకుండా జరుగుతుంది. బయటి తేమ గోడలోంచి లోపలికి ప్రయాణం చేస్తుంది. లోపలివైపు ప్లాస్టిక్ పెయింటో, వినైల్ వాల్‌పేపరో, పీవీసీ ప్యానెలో ఉంటే అక్కడ ఆగి నీరవుతుంది, బూజవుతుంది. అమెరికాలో ఫ్లోరిడా, గల్ఫ్ తీరాల హోటళ్లు వినైల్ వాల్‌పేపరు వెనక నల్లబూజుతో ఎంత నష్టపోయాయో అక్కడి భవన శాస్త్రజ్ఞులు ఏళ్ల తరబడి రాశారు. చలిదేశాల పుస్తకాల్లో తేమనాపే పొర గది వైపు ఉండాలని చెప్తారు, ఎందుకంటే అక్కడ తేమ లోపలి నుంచి బయటికి పోతుంది. మనకు అచ్చంగా తిరగేసి. హ్యూస్టన్‌లో ఇల్లున్న అబ్బాయి ఫోనులో చెప్పిన కిటుకు కాకినాడకు కొంత పనికొస్తుంది, చికాగో అబ్బాయి చెప్పింది అసలు పనికిరాదు.

కాబట్టి ఏసీ గదికి బయటివైపు వానా తేమా ఆపే పూత, లోపలివైపు గాలాడే పూత. బీరువాలు బయటి గోడకు నాలుగంగుళాలు ఎడంగా. గదికి మించిన టన్నుల ఏసీ కొనకపోవడం కూడా చెమ్మ వైద్యమే. పెద్ద మిషన్ పది నిమిషాల్లో గదిని చల్లబరిచి ఆగిపోతుంది, తేమ లాగే వ్యవధి దానికి దొరకదు, చల్లగా ఉన్నా జిడ్డుగా ఉంటుంది. ఏసీ లేని గదులకు లెక్క వేరు. అక్కడ గాలే మందు. వేడి-తేమ మండలంలో ఇంటికి తెరుచుకునే కిటికీలూ తలుపులూ కలిపి కార్పెట్ ఏరియాలో కనీసం ఆరో వంతు ఉండాలని ఎకో నివాస్ సంహిత చెప్తుంది. మిగతా మండలాలన్నిటికన్నా ఇది ఎక్కువ. పాత రెక్కల కిటికీ మొత్తం తెరుచుకునేది. దాన్ని పీకి పెట్టిన స్లైడింగ్ కిటికీ సగమే తెరుచుకుంటుంది. ఖరీదు పెట్టి గాలిని సగానికి కోసుకున్నట్టు.

ఆ సంహిత కొత్త ఇళ్లకే. ఉన్న ఇళ్లకు దానివల్ల ఒరిగేదేమీ లేదు. ఇక అద్దె ఇళ్లలో డాబాను బాగుచేయించే ఖర్చు ఇంటివారిది, కరెంటు బిల్లూ ఉక్కపోతా అద్దెకున్నవారివి. అందుకే ఆ స్లాబుల మీద ఎవరూ రూపాయి పెట్టరు. తెలంగాణ విధానం కూడా ఇళ్ల విషయంలో 600 గజాలు, ఆపైన స్థలాల్లో కట్టేవాటికే తప్పనిసరి అంది. చిన్న ఇళ్లకు ఇష్టమైతేనే. వేడికి ఎక్కువగా మాడేది ఆ చిన్న ఇళ్లే.

చివరగా ఎప్పుడు చేయించాలన్నది. మనవాళ్లు రంగులు దసరాకో సంక్రాంతికో వేయిస్తారు, లేదా కార్తీకంలో పెళ్లి పెట్టుకుని అంతకు వారం ముందు. అక్టోబరు, నవంబరు తుపాన్ల నెలలు. అప్పుడు గోడలు ఏడాదిలోకెల్లా ఎక్కువ తడితో ఉంటాయి. ఆ తడిని లప్పంతో, రెండు కోట్ల ఎమల్షన్‌తో లోపలే సీలు చేసి పెట్టేస్తున్నాం. గోడ అంగుళం మందం ఆరడానికి ఒక నెల అని పాత లెక్క. అంటే తొమ్మిదంగుళాల గోడకు ఒక వేసవి సరిపోదు. మాఘంలో పూత గీకి, ఆ ఎండాకాలమంతా గోడను ఒట్టిగా వదిలేసి, మళ్లీ వానలు మొదలయ్యేలోగా బయటివైపు మాత్రమే మూసి, లోపలి పూత వచ్చే ఏడు మాఘం దాకా ఆపగలిగితే మంచిది. ఇంట్లో పెళ్లి ఉంటే మాత్రం ఎవరూ వినరు.